మైలుతుత్తం గుగ్గిళ్లు

మా వంశంలో కళాశాల మెట్లెక్కిన మొదటివాణ్ణి నేను. ఎక్కింది వకీలు చదువుకో, వైద్యానికో కాదు, సేద్యం నేర్చుకోవడానికి. ఈ సంగతి మా ఊళ్లో చాలాకాలం ఎవరూ నమ్మలేదు. కోడుమూరుకు రెండు క్రోసుల దూరంలో, నల్లరేగడి నడుమ ఉన్న ఆ ఊళ్లో నడక వచ్చిన ప్రతివాడికీ సేద్యం వచ్చు. దానికోసం రైలెక్కి అరవదేశం పోయి, మూడేళ్లు ఉండి రావడమేమిటని పెద్దలు మా నాయనను అడిగేవారు. ఆయన మా క్రైస్తవ సంఘానికి పెద్ద, పదెకరాల మెట్ట ఉన్నవాడు, అక్షరం రానివాడు. "ఆడ నేర్పేది మన సేద్యం గాదంట. వేరేదంట" అని గంభీరంగా జవాబిచ్చేవాడు. ఆ మాట ఎంత నిజమో అప్పటికి ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు.

పట్టా పుచ్చుకొని వచ్చిన ఏడాదే వ్యవసాయశాఖవారు నన్ను మా తాలూకాలోనే ప్రదర్శకునిగా వేశారు. కొత్త పద్ధతులను రైతుల కళ్లెదుట చేసి చూపడం ప్రదర్శకుని పని. ఉద్యోగం తాత్కాలికం. ఆ యేటి హింగారులో, అంటే వెనకవానల సాగులో, కనీసం పదిమంది రైతుల చేత మందు పట్టించిన జొన్నలు విత్తిస్తే ఖాయం చేస్తామనీ, లేకుంటే ఇంటికి పంపుతామనీ పై అధికారి స్పష్టంగా సెలవిచ్చాడు.

మా జొన్నకు కాటుక తెగులు ఉండేది. కంకిలో గింజ ఉండవలసిన చోట నల్లని పొడి ఉంటుంది. విత్తనాన్ని మైలుతుత్తం కలిపిన నీలం నీళ్లలో కాసేపు నానబెట్టి, నీడన ఆరబెట్టి విత్తితే అది రాదు. మందు మీద నాకు ఆవగింజంత సందేహం లేదు. ఊరికి ఉన్న సందేహమంతా నా మీదనే.

"ఏమప్పా, ఎద్దు గిట్ట పుండుకు పూసే మందు జొన్నలకు పోస్తాండావా?" అన్నాడు మా గట్టు పక్క పెద్దరైతు, చావడిలో అందరూ వినేలా. "జొన్నలకు యాడైనా పుండ్లు లేసినాయా?"

నేను శిలీంధ్రములను గురించీ, వాటి బీజములను గురించీ, అవి కంటికి కనపడకపోవడాన్ని గురించీ క్రమంగా వివరించాను.

"కనపడని పురుగు. దాన్ని సంపేకి నీలం నీళ్లు" అని ఆయన తలాడించాడు. "సర్కారు నీకిచ్చే దుడ్లన్నా కండ్లకు కనపడతాయా అప్పా?"

ఒక్కరూ ముందుకు రాలేదు. చివరకు మా నాయన, "మన చేనికే పోయ్‌రా. పోతే మన చేనే పోతాది" అన్నాడు. ఆ ఏడాది తిండిగింజలన్నీ ఆ చేనులోంచే రావాలి. విత్తేనాడు వచ్చి చూస్తామని మిగతా రైతులు మాటిచ్చారు. చూస్తామన్నారు గాని విత్తుతామనలేదు.

హస్త కార్తెలో వాన పడి, నేల పదునుకొచ్చిన నాడు గొర్రు కట్టాం. గొర్రు మీద జడ్డిగమనే కొయ్యగిన్నె ఉంటుంది. అందులో పోసిన గింజ వెదురుగొట్టాల గుండా సాళ్లలోకి జారుతుంది. మా ఇంట్లో జడ్డిగంలో గింజ పోసేది అమ్మ. ఎకరాకు ఎన్ని శేర్లు పోయాలో నా పుస్తకంలో ఉంది. ఆ లెక్కన ముందునాడే విత్తనానికి మందు పట్టించి ఉంచాను. అమ్మ ఒడి నిండా గింజలు పోసుకొని గొర్రు వెంట నడిచింది. చేను ముగిసింది గాని ఒడిలో ఇంకా రెండు శేర్లు మిగిలాయి.

"ఆ పుస్తకం రాసినోని గుప్పిలి శానా పెద్దదిరా" అంది.

నేను ఆ వ్యత్యాసాన్ని నోటుపుస్తకంలో రాసుకొని, బూట్లతో, గొడుగుతో విచ్చేసిన పై అధికారిని సాళ్ల లోతు చూపించడానికి చేని అవతలి కొసకు తీసుకుపోయాను. నా వివరణ మామూలుగానే దీర్ఘమైంది.

తిరిగి వచ్చేసరికి గట్టు మీద మూడు రాళ్ల పొయ్యి, దాని మీద కుండ. రైతులందరి చేతుల్లో మోదుగాకులు. నాయన ప్రార్థన ముగించి, ఆమేన్ అని, మొదటి పిడికెడు గుగ్గిళ్లు నోట్లో వేసుకున్నాడు.

మా వైపు ఒక ఆచారముంది. విత్తగా మిగిలిన గింజ ఇంటికి తిరిగిపోరాదు. దాన్ని చేని గట్టునే ఉడకేసి, విత్తినవారూ చూడవచ్చినవారూ తినాలి; ఇంటిపెద్ద ముందు తినాలి. మా తాతలు బాప్తిస్మం పుచ్చుకున్నప్పుడు చాలా విడిచిపెట్టారు గాని దీన్ని విడువలేదు, ముందొక ప్రార్థన చేర్చారు, అంతే. పుట్టినప్పటి నుంచి నేనూ ఆ గుగ్గిళ్లు తిన్నవాణ్ణే. కళాశాలలో మాత్రం మిగిలిన విత్తనాన్ని తూచి, కొట్టుగదిలో అప్పగించి, సంతకం చేసేవాళ్లం. మూడేళ్ల సంతకాలు ఇరవై ఏళ్ల గుగ్గిళ్లను నా తలలోంచి తుడిచివేశాయి.

"అమా, ఈ జొన్నలు యాడివి?"

"యాడివేంది? నా ఒళ్లో మిగిలినవే."

నాయన ముఖం వంకర పోయింది. ఆయన అధికారిని చూశాడు, నన్ను చూశాడు, మింగాడు. ఉమ్మితే నా ఉద్యోగం పోతుందనుకున్నాడట; తరువాత అమ్మతో చెప్పాడు. అంతటితో ఆగక, "బాగుండాయి" అని రెండో పిడికెడు కూడా వేసుకున్నాడు.

ఇక్కడ ఒక నిజం చెప్పాలి. విషమని నేను నోరు తెరిస్తే ఆ మందును ఈ ఊళ్లో ఇక ఎవడూ ముట్టడు. ఒక్క క్షణంపాటు నేను మా నాయనను గాక, ఆ పదిమంది రైతులను లెక్కపెట్టుకున్నాను. ఆ తరువాతే అరిచాను.

"తినొద్దు! ఎవరూ తినొద్దు! అది విషం!"

అరిచి, కుండను కాలితో తన్నాను. గుగ్గిళ్లన్నీ నల్లమట్టిలో పడ్డాయి. నాయన గొర్రు చాటుకు పోయి, కడుపులో ఉన్నదంతా కక్కాడు. అమ్మ ఆయన వీపు నిమురుతూ ముంతెడు మజ్జిగ తాగించింది, అదీ కక్కాడు, ఇంకో ముంతెడు తాగించింది. ఈసారి నిలిచింది.

"విషమైతే ముందే చెప్పల్లని నీకు ఆడ నేర్పలేదా?" అంది అమ్మ, నా వైపు తిరక్కుండానే. "నా ఒళ్లో పోసి విత్తమంటివి గదరా!"

పై అధికారి గొడుగు ముడిచి ఏదో రాసుకున్నాడు. నా ఉద్యోగం అక్కడితో ముగిసిందని నేను నిశ్చయించుకున్నాను.

పెద్దరైతు మాత్రం గొర్రు చాటుకు తొంగిచూసి, తిరిగొచ్చి, మట్టిలోంచి ఒక గింజ తీసి వాసన చూశాడు.

"ఏమప్పా, రెండు పిడికిళ్లకే ఇంత మనిషిని కక్కించెనే ఇది!"

"క్షమించండి. నేను ముందుగా..."

"అది గాదప్పా. ఇన్నాళ్లూ నీలం నీళ్లనుకుంటిమి. ఇది నిజంగా మందే. మనిషికే ఇట్లుంటే నీ కనపడని పురుగు యాడ బతుకుతాది? రేపు పొద్దున్నే మా ఇంటికి రా."

మూడేళ్ల శాస్త్రం, నెల రోజుల ఉపన్యాసాలు చేయలేని పనిని రెండు పిడికిళ్లు చేశాయి. మరునాటికి పన్నెండు మంది వచ్చారు. నాతోపాటు అమ్మ కూడా ఇంటింటికీ వచ్చింది. మందు పట్టని జొన్నలు ఒక శేరు గుగ్గిళ్లకని విడిగా మూటగట్టి దూలానికి వేలాడదీయించిన తరువాతే నన్ను మందునీళ్ల తొట్టి ముట్టనిచ్చేది. మిగిలిన మందు గింజలను తన కళ్లెదుటే గుంట తీసి పూడ్పించేది.

ఉద్యోగం ఖాయమైంది. ప్రదర్శన రైతుల మనస్సులపై గాఢమైన ముద్ర వేసినట్లు ఉత్తరువులో రాశారు. నాయన దాన్ని నా చేత రెండుసార్లు చదివించుకున్నాడు.

"నేను కక్కిన సంగతి యాడుందిరా దాంట్లో?"

"లేదు నాయనా."

"రాయల్ల గదా" అన్నాడు, నిజంగానే నొచ్చుకొని. "చేసి చూపించింది నేనైతి."