పళ్ళెం చుట్టూ మెతుకులు

మొన్న బాచుపల్లిలో ఒక పెళ్ళి భోజనాల దగ్గర, నా ఎదుటి బల్ల మీద ఏడెనిమిదేళ్ళ పిల్లాడికి వాళ్ళమ్మ సెల్‌ఫోన్ చూపిస్తూ ముద్దలు పెడుతుంటే, నా కళ్ళు అలవాటుగా వాడి చేతుల మీదికే పోయాయి. పని మానేసి కొన్నేళ్ళయినా ఈ జబ్బు మాత్రం నన్ను వదల్లేదు. మన ఈడు వాళ్ళకు నేను చేసిన ఉద్యోగం ఎంత చెప్పినా అర్థమయ్యేది కాదు, మాలిష్ చేస్తాననుకునేవారు. కంటికి కనబడినదాన్ని చేత్తో సరిగ్గా అందుకోలేని పిల్లలకు పూసలు గుచ్చడం, బొత్తాలు పెట్టుకోవడం, అన్నం తినడం ఆటలాగా నేర్పించడం నా పని.

హఫీజ్‌పేట్ స్టేషన్ దగ్గర నా కిరాయి గదికి ఒక ఆరేళ్ళ పాపను వాళ్ళ నానమ్మ ఆటోలో తీసుకొచ్చేది. అమ్మా నాన్నా ఇద్దరూ హైటెక్ సిటీలో ఉద్యోగస్తులు, నానమ్మది గుంటూరు వైపు. పాప గ్లాసు కోసం చెయ్యి చాస్తే అది పక్కకు పోయేది, ముద్ద నోటికి బదులు చెంపకు తగిలేది, అందుకని నానమ్మ మధ్యాహ్నం బడికి కూడా వెళ్ళి తినిపించి వచ్చేది. ఇక మీదట తనంతట తాను తింటేనే బడిలో ఉంచుకుంటామని బడివాళ్ళు చెప్పాక నా దగ్గరికి వచ్చారు.

తినిపించడం మానేయమని, కింద పడినా ఫికర్ చేయవద్దని నానమ్మకు చెప్పాను.

"దీనికి తినిపించడానికే నన్ను ఇక్కడికి పిలిపించుకున్నారమ్మా. అదీ మానేస్తే ఆ ఇంట్లో నేనేం చెయ్యను?" అంది.

అయినా నా మాట విన్నది. పాప పళ్ళెం చుట్టూ మెతుకులు చల్లుకుంటూ తింటుంటే, పాపం, చేతులు రెండూ కొంగులో చుట్టుకుని చూస్తూ కూర్చునేది.

కొన్ని నెలలకు పాప చెయ్యి కుదిరింది. ఇంట్లో అందరూ సంబరపడ్డారు, ఆ సంబరంలోనే, విశాఖలో ఆవిడ కూతురికి నెలలు నిండాయి, ఇక్కడ ఇక పనేముంది అని నానమ్మను రైలెక్కించారు.

ఆ తర్వాత పాప మళ్ళీ అన్నం పారబోయడం మొదలుపెట్టిందని వాళ్ళమ్మ పరేషాన్ అయిపోయి తీసుకొచ్చింది. పక్కన కూర్చుని చూశాను. తడబడే చెయ్యి ఎప్పుడూ ఒకే చోట పడదు. ఈ పిల్ల మాత్రం మొదట పళ్ళెం అంచు చూసుకుని, సరిగ్గా దానికి అవతలే ముద్ద జారవిడుస్తోంది. ఎందుకలా అని మెల్లగా అడిగాను.

"నాకు తినడం రాకపోతే నానమ్మ వస్తుంది కదా ఆంటీ."

వాళ్ళమ్మ అక్కడికక్కడే ఫోన్ చేసింది. పెద్దావిడ ఏడ్చి, చంటిదాని బారసాల కాగానే వచ్చేస్తానంది. బారసాల దాకా ఆవిడ ఉండలేదు, గుండె ఆగిపోయింది.

ఆ తర్వాత వచ్చినప్పుడు పాప తల వంచుకుని అన్నమంతా తినేసింది. ఒక్క మెతుకు కింద పడలేదు. వాళ్ళ నాన్న నాకు దండం పెట్టాడు.

ఇప్పుడు ఆ రోడ్డు పొడవునా పెద్ద పెద్ద సెంటర్లు వెలిశాయి, తెర మీద బొమ్మను తాకిస్తే కన్నూ చెయ్యీ ఎంతవరకు కలిశాయో యంత్రమే చెప్పేస్తుందట. పిల్లలు తొందరగా నేర్చుకుంటున్నారట, మంచిదే. నాకు మాత్రం శుభ్రంగా తినేసిన పసిపిల్ల పళ్ళెం చూస్తే ఇప్పటికీ ఏడుపొస్తుంది.