కట్టెతో సహా అప్పజెప్పిన మంద

చదువురానివాడు మోసపోతే లోకం జాలిపడుతుంది. పదో తరగతి ఫస్టు క్లాసులో పాసైన నేను, ఎవరూ మోసం చేయకుండానే నా పదవి నేనే ఊడగొట్టుకున్నాను. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మీరు నవ్వండి, ఊరంతా ఎప్పుడో నవ్వేసింది.

అప్పుడు నేను తిరుమలగిరి దగ్గర మా ఊరి గొర్రెల కాపరుల సంఘానికి అధ్యక్షుణ్ణి. వానలు పడకముందే గొర్రెలకు చిటుకు రోగం రాకుండా సూదులు వేయించాలి. ఆలస్యమైతే పొద్దున మేసిన గొర్రె మాపటికి ఉండదు. సూదుల కోసం సంఘం ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టాలన్నారు. ఆ తంతు నాకు రాదు. ఆన్‌లైన్ సెంటర్ నడిపే యాదగిరి దగ్గరికి పోయాను.

"మామా, సంఘం తరఫున పనిచేసెతందుకు నాకు అధికారమియ్యాలె. దరఖాస్తు పెట్టేవరకు ఇస్తవా, మొత్తం ఇస్తవా? దరఖాస్తు వరకైతే సాలు."

పాపం, వాడు సరిగ్గానే చెప్పాడు. పౌరుషం పొడుచుకొచ్చింది నాకే. మందను కాపరికి అప్పజెప్పితే కట్టె కూడా వాడి చేతికే ఇవ్వడం మా రివాజు.

"మంద నీకిచ్చి కట్టె నా సంకల పెట్టుకుంటనారా? మొత్తం కొట్టు! ఫోన్ నంబర్ గూడ నీదే ఎయ్యి. మాటిమాటికి నన్ను సతాయించకు."

వాడు కంప్యూటర్‌లో అలాగే కొట్టాడు.

దరఖాస్తుకు ఆఖరి రోజున, పంపాడో లేదో కనుక్కుందామని పోతే సెంటర్‌కు తాళం. యాదగిరి శ్రీశైలం పోయాడు, ఫోన్ కలవడం లేదు. నేరుగా పశువుల ఆఫీసుకు ఉరికాను.

"దరఖాస్తు ఇంక రాలేదు. ఇంతకీ మీరెవరు?" అంది అక్కడి మేడం.

"సంఘం అధ్యక్షుణ్ణి!"

"కంప్యూటర్ల అధ్యక్షుని పేరు యాదగిరి అని ఉన్నది."

"వాడు నేను పెట్టిన మనిషి మేడం! తీసెయ్యుండ్రి వాన్ని!"

"తీసెయ్యాలంటే ఆయన ఫోన్‌కు ఓటీపీ వస్తది. అది చెప్పుండ్రి."

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. వీడు ఈశ్వరుడి దగ్గరికే పోయి కూర్చున్నాడు. నాకు మొత్తుకోవడమొక్కటే మిగిలింది.

"అరవకుండ్రి. ఫిర్యాదు ఇయ్యుండ్రి."

ఇచ్చాను. బల్ల గుద్ది మరీ ఇచ్చాను. మేడం టకటకా కొట్టింది.

"మీ ఫిర్యాదు సంఘం బాధ్యునికి పంపిన."

"ఎవరాయన?"

"యాదగిరి."

గుమ్మం దాటుతుంటే ఫోన్ మోగింది.

"మామా, ఇప్పుడే అడివి దాటినం, సిగ్నల్ వచ్చింది. దరఖాస్తు బస్సులకెల్లే పంపిన, ఫికర్ చెయ్యకు. గని ఎవడో నా మీద ఫిర్యాదిచ్చిండే! ఎవడు మామా వాడు?"

"నేనేరా!" అని అరిచాను. రోడ్డు మీది జనం ఆగి చూశారు.

సూదులు వచ్చాయి. గొర్రెలు బతికాయి. సూదులు వేసిన రోజు, జీవితంలో ఒక్క గొర్రెపిల్లను కూడా మేపని యాదగిరి మెడలో పూలదండ వేశారు. నేను ఎండలో నా మందతో వరుసలో నిలబడితే డాక్టరు అడిగాడు: "నువ్వు సంఘంల ఉన్నవా పెద్దమనిషీ? లిస్టుల పేరు లేదు. జర అధ్యక్షునితోని చెప్పిచ్చుకో."

నా కట్టె సాక్షిగా ఒట్టు పెడుతున్నాను: ఈ జన్మలో మళ్లీ ఎవరికీ మొత్తం అధికారం ఇవ్వను. ఇవ్వాలనిపించినా, ముందు యాదగిరి ఒప్పుకోవాలి.