నాయన పెంచిన పురుగులు

చిత్తూరులో మా నాయనకు సరుకుల అంగడి ఉంది. అక్కడ కొన్న పప్పులో పురుగు వచ్చిందన్న మాట నలభై ఏళ్లలో ఒక్కరి నోట వినలేదు. ప్రతి ఆదివారం బస్తాలు విప్పించి, ఎండబోసి, జల్లెడ పట్టి, ఎండు వేపాకు కలిపి మళ్లీ కట్టేవాడు. ఆ గర్వం నాకూ తక్కువేం కాదు. చిన్నప్పుడు ఎవరి బిడ్డవని అడిగితే, అంగడి ఏ వీధిలో ఉందో చెప్పకముందే ఈ సంగతి చెప్పేదాన్ని.

అట్లాంటి ఇంట్లోకి నేను రెండు కప్పల్ని తెచ్చాను. ఒకటి కాలవ తవ్వే మిషను కింద కాలు పోగొట్టుకున్న గోండ్రు కప్ప, ఒళ్లంతా పొక్కులు. రెండోది అరటాకుల కట్టలో వచ్చిన చెట్టుకప్ప. పగిలిన చేపల తొట్టిలో మట్టీ కొబ్బరిపీచూ పరిచి, కుండపెంకు బోర్లించి మొదటిదానికి ఇల్లు చేశాను. రెండోది పైకెక్కే రకం. దానికి పెద్ద బిస్కెట్ల సీసా, లోపల మనీప్లాంటు కొమ్మ, మూతికి దోమతెర. కొళాయి నీళ్లు మందువాసన పోయేదాకా ఒకరోజు బయటుంచి పోసేదాన్ని. ఇంత తెలివి ఉన్నదాన్ని తిండి సంగతి మాత్రం ఆలోచించలేదు.

ఎండాకాలం వచ్చేసరికి బయట పురుగులు కరువయ్యాయి. ఇంట్లో బొద్దింకలకు మందు కొట్టారు కాబట్టి అవి పనికిరావు. కప్ప కదిలేదాన్నే తింటుంది, చచ్చినదాన్ని ముందర పెట్టినా చూడదు. గోండ్రు కప్ప వెన్నెముక బయటికి కనబడసాగింది. ఇంకో వారం గడిస్తే చచ్చిపోతుందని భయపడ్డాను.

నాయన తొట్టిలోకి తొంగి చూశాడు. "ఏం గావాల దీనికి?"

"బతికున్న పురుగులు నాయనా."

ఆయన మధ్యాహ్నం వీధి చివర మిల్లుకు పోయి, పురుగు పట్టిన తవుడు ఉంటే ఇవ్వమని అడిగాడు. ఆ మిల్లువాణ్ణి ఈ పురుగు విషయంలోనే ఏళ్ల తరబడి ఎగతాళి చేసిన మనిషి. వాడు ఎంత నవ్వి ఉంటాడో నాకు తెలుసు. తెచ్చిన తవుడులో ఏరిన పురుగులతో అప్పటికి కప్పలు బతికాయి. మిగిలింది ఒక డబ్బాలో మంచి తవుడుతో కలిపి, మూతికి గుడ్డ కట్టి, అంగడి వెనక గదిలో కప్పల పక్కనే పెట్టాడు.

"పెరుగుతాయా?" అన్నాను.

"నలబై ఏండ్లు పట్టకుండా సూసినోణ్ణి. ఎట్ల పడతాదో నాకు తెలీదా?"

నెల తిరక్కుండానే తవుడంతా గూళ్లు కట్టింది. తెల్ల పురుగులు గోండ్రు కప్పకు, అవే పెరిగి రెక్కలొచ్చాక చెట్టుకప్పకు. మిరప్పొడి అంటిన చేతులని, నాయన రెండుసార్లు కడుక్కుని గానీ తొట్టి ముట్టుకునేవాడు కాదు.

ఒకరోజు పూతలపట్టు నుంచి ఏళ్లుగా సరుకులకొచ్చే అక్క మంచినీళ్లకని వెనక గదిలోకి వచ్చి ఆ డబ్బా చూసింది.

"ఏంనా, నీ అంగట్లో పురుగా?"

ముందర నిలబడ్డవాళ్లందరికీ వినబడింది. నేను గబగబా "అది పశువులకమ్మే తవుడక్కా" అనేశాను.

నాయన ముఖం ఎర్రబడింది. "అబద్దం చెప్పొద్దు పాపా. పురుగు పట్టింది నేను పశువులక్కూడా అమ్మలేదు. ఈటిని నేనే పెంచినానక్కా. రా, సూడు."

చేతులు కడుక్కొచ్చి, ఒక పురుగును కప్ప ముందర వదిలాడు. నాలుక వచ్చిందీ పోయిందీ తెలియలేదు. ఆ అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. అబద్ధమాడినందుకు నాకు సిగ్గేసింది. ఈయన కడుపున పుట్టానని గర్వమూ కలిగింది.

ఆమె ముందరికొచ్చి రెండు కిలోల కందిపప్పు కట్టమంది.

"చెయ్యి పెట్టి సూసుకోక్కా" అన్నాడు నాయన.

"పురుగు యాడుండాదో నువ్వే సూపిస్తివి గదనా. ఇంగ నేనేం సూసేది, కట్టు."