కొండ కాపలాకి కొలిచిన మేర

పెళ్లై గుణుపురం దగ్గర ఈ కొండకింది ఊరికి వచ్చిన నాటి నుంచీ నాకు ఒకచోట కూర్చునే అలవాటు లేదు. మా అత్తవారి పెద్దలు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ పొలాలు చేసుకున్నవాళ్లు. పొద్దున్నే పేడ ఎత్తి, మజ్జిగ చిలికి, ఆ తర్వాత కాలు కాలిన పిల్లిలా చేను గట్లంతా తిరిగేదాన్ని. "అమ్మీ, నీ అరికాళ్ల కింద సీమలున్నాయేటే?" అనేవారు మా అత్తగారు.

ఆ తిరుగుడులోనే కణుజులు, ఆ పెద్ద కొండ జింకలు, నా కంటబడ్డాయి. మా చేను చివర వాగు, వాగు దాటితే కొండ. తెల్లారాక ఒక తల్లి కణుజు, దాని వెనకే పిల్ల, నీళ్లకు దిగేవి. ఒకప్పుడు గుంపులుగా దిగి ఉలవచేలు మేసేసేవట. నేను ఎరిగి ఆ వాగుకు వచ్చినవి ఈ రెండే.

జమీందారీ రద్దయి కొండలు సర్కారు చేతికి వచ్చాక, పట్నం నుంచి జీపుల్లో తుపాకులవాళ్లు మా మడులు తొక్కుకుంటూ రావడం ఎక్కువైంది. తోళ్లూ కొమ్ములూ కొనే బేరగాళ్లు సంతలోనే ఉండేవారు. అన్ని కొండలకీ కలిపి ఒక్క ఫారెస్టు గార్డు. ఆయన సైకిలు నెలకొకసారి మా ఊరొస్తే గొప్ప. నా పోరు పడలేక మా ఆయన రెండుసార్లు అర్జీ పెట్టారు. మనుషులను వెయ్యడానికి డబ్బు లేదని జవాబొచ్చింది. అక్కడితో ఊరుకోవాలంటే నా వల్ల కాలేదు. ఆ రెండూ వాగు దగ్గర కనబడని రోజున పిల్లలను ఉత్తపుణ్యానికి కసిరేదాన్ని.

పుష్యమాసంలో కళ్లం దగ్గర నిలబడి ఉండగా ఆలోచన తట్టింది. మా వైపు ధాన్యం ఇంటికి చేరకముందే మంగలికీ చాకలికీ కమ్మరికీ కళ్లంలోనే కొంత కొలిచి ఇస్తారు. ఏడాది పొడుగునా చేసే పనికి అదే కూలి. దాన్ని మేర అంటారు. కొండ కాపలాకి కూడా మేర ఎందుకు ఇవ్వకూడదు?

మా ఆయన నవ్వారు. "మన ఉలవలు తినీసిన వాటికి మనమే కాపలా పెట్టాలేటి? దొంగ సేతికి తాళాలిచ్చినట్టుంది."

"కణుజు తిన్నది గుప్పెడు. జీపు తొక్కింది మడిసెక్క. ఏది ఎక్కువో నువ్వే సెప్పు," అన్నాను.

జీపుల మాట అందరికీ తగిలింది. ఇళ్లన్నీ ఒప్పుకున్నాయి. కొండ మీది ఊరి నుంచి అన్నదమ్ములిద్దరు కాపలాకి కుదిరారు. అన్నకి మా మాట బాగా వచ్చు. మొదటి కుంచం నేనే కొలిచి పోశాను. ఆ రోజు నా అంత తెలివైనది ఊళ్లో లేదనుకున్నాను.

వాళ్లు కాపలా బాగానే కాశారు. జీపులొచ్చే దారికి అడ్డంగా దుంగలు వేశారు. ఉచ్చులు పీకి పారేశారు. తుపాకీవాళ్లు కనబడితే డప్పు కొట్టి జంతువులను తరిమేసేవారు. ఫాల్గుణం నాటికి జీపులు రావడం మానేశాయి. నేను అరుగు మీద తీరిగ్గా కూర్చుంటే, ఒంట్లో బాగోలేదా అని మా అత్తగారు అడిగారు.

చైత్రంలో ఒక పొద్దున ఆ కాపలావాళ్లలో అన్న మా గుమ్మంలోకి వచ్చాడు. చేతిలో అడ్డాకుల పొట్లం, మొహం నిండా నవ్వు.

"కణుజు మాంసం, అమ్మా. మేర ఇచ్చిన ఇళ్లన్నిటికీ పంచేం."

చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను. "ఎవుడు కొట్టేడు?"

"మేమే. బయటోడినెవుడినీ రానీనేదు. మీ వాటా మీకే."

"కాపలా కాయమంటే సంపుకొస్తారా?" అని వీధి వీధంతా వినబడేలా అరిచాను.

అతని నవ్వు పోయింది. కోపం మాత్రం రాలేదు. "మంగలి గెడ్డం గీస్తాడు. సాకలి బట్టలుతుకుతాడు. మీ గింజలు తిని, మేం ఉత్తి సేతుల్తో ఎలాగొస్తాం?"

"అవి బతికుంటే సాలు. అదే మాకు మీరిచ్చినట్టు."

అతను చేతిలోని పొట్లం వైపు చూశాడు. "అది మీ గుమ్మంలోకి ఎలాగ తేవాల, అమ్మా?"

ఏమివ్వాలో ఊరందరికీ చెప్పాను, ఏం తేకూడదో వాళ్లకి ఒక్కమాట చెప్పలేదు. తప్పు నాదేనని అక్కడే తెలిసింది. సిగ్గుతో చచ్చిపోయాను.

ఇంటికొచ్చిన వాటా కాదనకూడదంటూ మా అత్తగారు పొట్లం అందుకున్నారు. మధ్యాహ్నం అందరూ లొట్టలేసుకుంటూ తిన్నారు. నేను ముట్టుకోలేదు.

మర్నాడు పొద్దున్నే అతన్ని వాగు దగ్గరికి తీసుకెళ్లాను. బురదలో చిన్న గిట్టల గుర్తులే ఉన్నాయి. నీళ్ల దాకా వచ్చి, వెనక్కి వెళ్లి, మళ్లీ వచ్చి, అక్కడక్కడే తిరిగినట్టున్నాయి. పెద్ద అడుగు ఒక్కటీ లేదు. అతను గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు.

"దాని తల్లినా మేం కొట్టింది?" అన్నాడు.

ఈ వాగుకు ఆ రెండే వచ్చేవని చెప్పాను.

ఆ మర్నాడూ ఇద్దరం వెళ్లాం. గుర్తులు ఉన్నాయి. మూడో రోజు లేవు. "పై కొండకి ఎల్లిపోయుంటాది," అన్నాడు, నా వైపు చూడకుండా. నమ్మినట్టు తలూపాను. అయినా ఆ ఏడంతా రోజూ వాగు దాకా వెళ్లి వస్తూనే ఉన్నాను.

మళ్లీ పుష్యం వచ్చింది. కొండ మేర ఇంక ఆపేద్దామన్నారు మా ఆయన. నేను వినలేదు. కుంచం తీసుకుని కళ్లంలోకి దిగాను. అతను వచ్చి, తలెత్తకుండా తువ్వాలు పరిచాడు. కొలిచి పోసి చెప్పాను.

"ఈసారి ఉత్తి సేతుల్తోనే రా."