బదులు మనిషి

తుఫాను వచ్చే ముందు రేడియోలో హెచ్చరిక చెబుతారు. నేను సాయం చేయడానికి బయలుదేరే ముందు కూడా ఎవరైనా అలాంటిది చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. ఫలితంగా జగ్గయ్యపేట చివరి కాలనీలో, ఎవరికీ ఏ హానీ తలపెట్టని ఒక మనిషి బతుకు మీద నేను తీరం దాటాను.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. సోషల్ వర్క్‌లో పీజీ రెండో ఏడు. అడగందే అమ్మయినా పెట్టదంటారు గానీ, నేను వద్దన్నా పెట్టే రకం. గోరుచుట్టు మీద రోకటిపోటు ఎవరికైనా అనుకోకుండా పడుతుంది. నేనైతే రోకలి భుజాన వేసుకుని, గోరుచుట్టు ఎవరికుందా అని ఇల్లిల్లూ తిరిగేవాణ్ణి.

మా నాన్నకి నందిగామలో బట్టల కొట్టు. నేను ఈ చదువులో చేరతానన్నప్పుడు ఆయన చేతిలో కత్తెర పక్కన పెట్టి, "పేదరికం గురించి చదవడానికి ఫీజు కట్టాలంట్రా? రెండేళ్లు కొట్టు మూసేస్తే ఉచితంగానే వచ్చిద్ది గదా" అన్నారు. మా ఇద్దరి మధ్యా అదే ఆఖరి మాట. నందిగామ నుంచి పేటకి బస్సులో గంట కూడా పట్టదు. అయినా ఫీల్డువర్కు పేరుతో పేటలో గది తీసుకుని, రెండు నెలలు అండమాన్‌లో ఉన్నట్టే ఉన్నాను. మెస్సులో గోడ వైపు తిరిగి తినేవాణ్ణి. గదిలో నాతో మాట్లాడేది ఫ్యాను ఒక్కటే, అదీ కరెంటున్నప్పుడు.

మా ప్రొఫెసరుగారి ఆజ్ఞ ఏమిటంటే, ఒక పేద కుటుంబాన్ని ఎంచుకుని పేదరికంలోంచి బయటపడే దారి వేసి చూపించాలి. రెండు నెలల్లో. ఆయన పాతికేళ్లుగా అద్దె కొంపలోంచే బయటపడలేదన్న సంగతి మనకెందుకు లెండి.

నాకు దొరికిన కుటుంబం సుగుణమ్మ. కుటుంబం అంటే ఆమె ఒక్కతే. భర్త పోయాడు, కూతురు అత్తగారింట్లో ఉంది. సుగుణమ్మ మిరప కోతల ముఠాలో మనిషి. ముఠా అంటే మేస్త్రి కోటమ్మతో కలిపి పన్నెండుమంది ఆడవాళ్లు, ఒక ఆటో. ఆ ఆటోలో ముగ్గురు పడతారని దాన్ని తయారు చేసినవాళ్ల నమ్మకం. తెల్లవారగానే పన్నెండుమందినీ పొట్లం కట్టినట్టు కట్టుకుని అది ముక్త్యాల వైపు పొలాలకి వెళ్లేది.

ఏదైనా పని చేతనవునా అక్కా అని అడిగాను. కుట్టడం వచ్చు, చిన్నప్పుడు నేర్చుకున్నానంది. ఈత వచ్చని ఎవరైనా అంటే వాళ్లని తీసుకెళ్లి కృష్ణలో తోసేస్తామా? నేను తోసేశాను. అటక మీద పడున్న మా అమ్మ కుట్టుమిషను, నాన్న కొట్లో ఉన్న వేళ చూసి దింపి, బస్సులో వేసుకొచ్చాను. కండక్టరు దానికి టిక్కెట్టు కొట్టాడు గానీ సీటు ఇవ్వలేదు. అంతటితో ఆగానా? ఒక ప్రైవేటు బడి వార్షికోత్సవంలో డాన్సు చేసే పిల్లలకి నలభై లంగాలు, వచ్చే శనివారానికల్లా కుట్టిస్తానని మాట ఇచ్చేశాను. సుగుణమ్మకి తర్వాత చెప్పాను. శుభవార్త కాస్త ఆలస్యమైనా పాసిపోదు కదా.

ఆమె నెమ్మదిగా, కోతల రోజులు గదా సారూ అంది. ఎండలో నడుం వంచే బతుకు నీకింక లేదని అభయమిచ్చాను. ఆ క్షణాన నా కుడిచెయ్యి దేవుడి పటంలో లాగా పైకి లేచే ఉంటుంది.

ఆమె ముఠాకి వెళ్లక రెండు రోజులయ్యాక, ఆదివారం సాయంత్రం నా విజయాన్ని నోట్‌బుక్కులో రాసుకుందామని వెళ్లాను. మిషను గుమ్మం దగ్గరికి జరిపి ఉంది. సుగుణమ్మ సూది వంక కాకుండా రోడ్డు వంక చూస్తోంది. అరుగు మీద మేస్త్రి కోటమ్మ కూర్చుని ఉంది. నన్ను చూసి లేవలేదు.

"మీరేనా, దీన్ని బాగుచేసిన సారు?" అంది కోటమ్మ.

నేను వినయంగా తల వంచాను. పొగడ్త అనుకున్నాను మరి.

"మూడు రోజులు మనిషి రాకపోతే మా ముఠాలో చోటు పోయిద్ది. రేపటితో మూడు. ఆ చోటు కోసం నలుగురు కాచుకోనున్నారు."

పోతే పోనీ, చేతిలో పని ఉంది కదా అన్నాను. సుగుణమ్మ అప్పుడు నా వైపు తిరిగింది.

"లంగాలు ఏడాదికోసారి సారూ. ముఠా ఏడాదంతా ఉంటది. మొన్న నాకు జొరమొస్తే ఈళ్లే వంతులేసుకుని గంజి కాశారు. మిషను కాచిద్దా?"

నా నోట్‌బుక్కులో గంజికి గడి లేదు. ఆమె అంతటితో ఆపలేదు. ఒక్కదాన్నే కూర్చుంటే గోడలు మీదికొస్తున్నట్టుంది, మీకు తెలియదులే అంది. నాకు తెలుసు.

లంగాలు వదిలేద్దామంటే ఆమె ఒప్పుకోలేదు. పిల్లలు ఎదురుచూస్తారు, మాట ఎవరిచ్చినా మాటేనంది. మరి దారేమిటంటే, బదులు మనిషిని పంపితే చోటు నిలుస్తుందని కోటమ్మ చెప్పింది. సుగుణమ్మకి పంపడానికి ఎవరూ లేరు. నేను రోకలి మళ్లీ భుజానికెత్తుకున్నాను.

"నేనొస్తా" అన్నాను.

కోటమ్మ నన్ను ఎద్దుని బేరమాడేటప్పుడు చూసినట్టు చూసింది. "చేతులు చూపియ్" అంది. చూపించాను. "పాపం" అంది. అయినా రమ్మంది.

సోమవారం చొక్కా మీద చొక్కా తొడుక్కుని పదకొండుమంది ఆడవాళ్ల మధ్య కూర్చున్నాను. కూర్చున్నాననడం గొప్పలు పోవడమే, ఇరికించారు. చేల్లో ఒక్కొక్కరికి ఒక్కో సాలు. నేను పండు కాయతో పాటు పచ్చి కాయ, ఆకు, కొమ్మ, ఒకసారి తొండ తోక కూడా పట్టుకున్నాను. పది గంటలకి చెమట తుడుచుకోబోయి కళ్లు తుడుచుకున్నాను. ఆ తర్వాత నేను చేసిన నాట్యం బడి వార్షికోత్సవంలో పెట్టి ఉంటే మొదటి బహుమతి నాదే. కోటమ్మ నీళ్లు పోస్తూ, ఏడవబాకు సారూ, నువ్వేడ్చినా కాయ తగ్గదు అంది.

వాళ్ల సాళ్లు అయిపోయేసరికి నాది సగం కూడా కాలేదు. ఇద్దరు అవతలి గట్టు నుంచి నా సాలు ఎదురు కోసుకుంటూ వచ్చారు. మధ్యలో కలుసుకున్నాం. సాయమంటే అదేనని వాళ్లకైనా తెలుసో లేదో. నన్ను ఏ ప్రశ్నా అడగలేదు, ఎక్కడా సంతకం పెట్టించుకోలేదు.

అన్నాల వేళ నేను తెచ్చుకున్న మెస్సు పొట్లం లాక్కుని గట్టున పెట్టారు. పదకొండు గిన్నెల మూతలు ఒక్కసారే తీశారు. గోంగూర ఒకరిది, ఎండుచేప ఒకరిది. ఎవరి గిన్నెలోంచి తింటున్నానో నాకే తెలియలేదు. "మీ ఇంట్లో ఎవరూ లేరా సారూ?" అని ఒకామె అడిగింది. ఉన్నారని చెప్పి చొక్కా చేతితో కళ్లు తుడుచుకున్నాను. కారం వల్లేనని అందరం ఒప్పుకున్నాం.

అలా ఆరు రోజులు. చేతులు రెండూ నిప్పుల కుంపట్లు. అయినా ఏడాదిగా లేనంత ఆకలి, తిన్నది అరిగేంత నవ్వు. శనివారం నలభై లంగాలూ బడికి చేరాయి. సుగుణమ్మ చోటు నిలిచింది. నా పథకం పూర్తిగా నాశనమై, పని మాత్రం చక్కబడింది.

మర్నాడు ఆదివారం పొద్దున్నే గిన్నెలో అన్నం పెట్టుకుని ఆటో దగ్గరికి వెళ్లాను. కాళ్లకి అలవాటైపోయింది. సుగుణమ్మ మొగుడి పాత చొక్కా తొడుక్కుని తన చోట్లో కూర్చుని ఉంది. పక్కామె భుజం మీద చెయ్యేసి ఏదో చెప్పి నవ్విస్తోంది. నన్ను చూసి అందరూ కాస్త కాస్త జరిగారు. జాగా రాలేదు. పన్నెండంటే పన్నెండే.

"మీకింక ఈ తిప్పలు తప్పినయ్ సారూ" అంది సుగుణమ్మ ప్రేమగా. "గదికెళ్లి హాయిగా చదువుకోండి."

ఆటో వెళ్లిపోయింది. గిన్నె పట్టుకుని రోడ్డు పక్కన నిలబడ్డాను. కష్టాల్లోంచి అంత శుభ్రంగా బయటపడిన మనిషి ఈ జిల్లాలో మరొకడు ఉండడు.

నెలాఖరున ప్రొఫెసరుగారు, ఎంతమందిని బయటికి తెచ్చావని అడిగారు.

"ఒక్కణ్ణి సార్" అన్నాను. "నన్నే. అదీ నా ఇష్టం లేకుండా."

అందువల్ల పాఠక మహాశయులారా, గుంటూరు కారం గుప్పెట్లో పట్టుకుని ప్రమాణం చేస్తున్నాను: పక్కన ఎవరు కూర్చున్నారో చూడకుండా, ఈ జన్మలో ఏ మనిషినీ ఎక్కడి నుంచీ బయటికి లాగను.