వామాకు పథ్యం

లోకంలో ఎన్ని రోగాలున్నా, నారాయణపేట నర్సింగమ్మ దృష్టిలో మందు ఒక్కటే: వామాకు నూరి చేసిన తొక్కు. వాకిట్లో పగిలిన కుండల్లోనూ, చిల్లుపడ్డ డబ్బాల్లోనూ ఆ దళసరి ఆకునే పెంచేది. దగ్గుకూ అదే, మోకాళ్ల నొప్పికీ అదే, కోడలితో పోట్లాటకూ అదే. పైగా మందును ఇంటికి పట్టుకుపోనివ్వదు. తన ఎదుట కూర్చుని తినాల్సిందే.

దవాఖాన కంపౌండరు గురవయ్యకు ఇది కంటగింపు. రుజువు లేనిదే దేన్నీ నమ్మని మనిషి. ఒకనాడు నిలదీశాడు.

"అవ్వా, పంటినొప్పికి గూడ తొక్కే పెట్టినవట?"

"పెట్టిన. తగ్గింది."

"ఆ పన్ను నేను పీకిన!"

"నా తొక్కుకు కదిలింది గనుకనే నీ చేతికి ఊడింది."

ఆ ఏడు నూలు అందక మగ్గాలు ఆగిపోయాయి. నేతవాడ మూగబోయింది, నర్సింగమ్మ వాకిట్లో మాత్రం రోగులు పెరిగారు. ఆమె బండారం బయటపెట్టాలని గురవయ్య వారం రోజులు ఆ ఇంటి అరుగు మీదే కూర్చుని గమనించాడు. తేలిన సంగతి వింతగా ఉంది. ఖళ్లుఖళ్లున దగ్గుతూ వచ్చిన పట్వారీకి ఒక్క ఆకు తుంచి ఇచ్చి, అక్కడే నమిలించి పొమ్మంది. ఒక్కసారైనా దగ్గని నేతగాడు బక్కయ్యకు తొక్కుతోపాటు మూడు జొన్నరొట్టెలు పెట్టింది. రోగానికీ మోతాదుకూ పొంతన లేదు. బుగ్గల లోతుకూ మోతాదుకూ మాత్రం సరిగ్గా కుదిరింది.

ఇది వైద్యం కాదని రుజువైంది. కాని ఆ రుజువు గురవయ్యకు వేపాకు నమిలినట్టుంది. పట్టంచు చీరలు నేసిన చేయి ఒకరి ముందు సాగదు. ఆకలి అని చెప్పలేని నోరు దగ్గు అని చెప్పగలదు.

గురవయ్య చూపు తన రొట్టెల మీదే ఉండటం బక్కయ్య కనిపెట్టాడు. తుంచిన ముక్కను విస్తట్లో వదిలేసి లేచాడు.

"సాబ్, సదువుకున్నోళ్లు మీరు. నిజం జెప్పుండ్రి. ఇది మందేనా? ధర్మపు కూడైతే నాకొద్దు. బిచ్చం తిననీకి రాలే నేను."

రొట్టె తిప్పబోయిన నర్సింగమ్మ చేయి పెనం మీదే ఆగిపోయింది.

ఇరవై ఏళ్ల నౌకరీలో గురవయ్య ఒక్క అబద్ధపు చీటీ రాయలేదు. బక్కయ్య మణికట్టు పట్టుకుని నాడి చూశాడు. చాలాసేపు చూశాడు.

"మందే. మోతాదే తప్పింది," అన్నాడు కఠినంగా. "వామాకు ఘాటు. ఒట్టి కడుపుల పడదు. మూడు రొట్టెలు సాలవు, నాలుగు తినాలె. రెండు పూటల."

"నాలుగా, సాబ్?"

"దవాఖానల నువ్వు నౌకరి చేస్తున్నవా, నేనా? కూసో!"

బక్కయ్య కూర్చున్నాడు. నర్సింగమ్మ మరో పిండిముద్ద తీసుకుని, రొట్టె తడుతూ, తలెత్తకుండానే అంది:

"ఇన్నొద్దులకు నీకు జర వైద్యం అబ్బింది, కొడకా."