ఎడమచేత్తో ఇచ్చిన ఖర్జూరం

సౌదీలో దమ్మామ్ నుంచి జుబైల్ వెళ్లే బస్సులో పక్కసీటు పొడుగాయన ఎడమచేత్తో ఖర్జూరం ఇవ్వబోయాడు. తటపటాయించాను.

"ఏమనుకోకు అన్నా, అలవాటైంది," అంటూ చేయి మార్చాడు. కాలేజీలో బాస్కెట్‌బాల్ బాగా ఆడితే, జీతమిచ్చి ఒక క్లబ్బు తీసుకుందట.

"మరెందుకు ఇడిసినవు తమ్మీ?"

"కాలేజీల నా కుడిచెయ్యిని ఎవ్వడాపలే. ఎడమతోని ఆడుడు నేర్వనేలే. క్లబ్బుల వారం తిరగకముందే ఎదుటి జట్టోళ్లు నా కుడిదిక్కు మూసిండ్రు. ఎడమతోని నేర్చేసరికి క్లబ్బోళ్లు తీసేసిండ్రు. ఇప్పటికీ ఈ చెయ్యికి పని నేర్పుతనే ఉన్న."

నేను పదేళ్లుగా వెల్డర్ని, పేరున్నవాణ్ని. బస్సు దిగిన ఆ వారమే నేను పనిచేసే ప్లాంటులో, గోడకానుకున్న పైపు వెనక సందులో నా కుడిచేయి పట్టలేదు. ఫోర్‌మన్ ఎడమచేత్తోనూ వెల్డింగ్ చేయగల ఇంకొకరిని పిలిచాడు.

ఆ సాయంత్రం తుక్కు పైపు మీద ఎడమచేత్తో అతుకు వేశాను. కొత్త హెల్పర్ వేసినట్టు వంకరగా వచ్చింది. మర్నాడు ఇంకొకటి వేశాను.